రాగిరేకు మీది వెలుగునీడలు

ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో బ్రస్సెల్సు నగరమున నొక ఛాయాచిత్ర ప్రదర్శన యేర్పాటు కాగా, దానికై అమెరికా నుండి రావలసిన చిత్రములు వేళకు చేరకపోవుటచే, వేరు దారి లేక, ఆ చిత్రకారుల పనినే అచ్చువేసిన యొక పత్రిక పుటలను గోడలకు తగిలించిరి. చూడవచ్చినవారిలో పెక్కుమంది అవియే అసలు చిత్రములని తలచి చూచిపోయిరట. ముద్రణకు ఇంతకు మించిన యోగ్యతాపత్రము ఎవ్వరీయగలరు? ఆ పత్రిక పేరు ‘కెమెరా వర్క్’. క్రొత్త ఛాయాచిత్రమును వెదకి పట్టుట, పట్టినదానిని నలుగురికి చూపక నిలువలేకపోవుట అను వ్యసనము కలవారందఱును, తెలిసియో తెలియకయో, దాని వంశీయులే.

దానిని నడిపిన ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1864లో అమెరికాలోని హోబోకెనులో పుట్టి, బెర్లినులో యంత్రవిద్య చదువబోయి, హెర్మన్ ఫోగెల్ అను ఆచార్యుని కడ ఛాయాచిత్ర రసాయనశాస్త్రమున చిక్కుకొని, తిరిగివచ్చి న్యూయార్కులో కొంతకాలము బొమ్మల అచ్చుదిమ్మెల వ్యాపారమున పాలుగొన్నవాడు. వ్యాపారమున మనసు నిలువలేదు గాని, అచ్చట చేతికంటిన సిరా తరువాత అక్కఱకు వచ్చెను.

1888లో కొడాక్ పెట్టె అంగడిలోనికి వచ్చినది మొదలు, మీట నొక్కగల ప్రతివాడును ఛాయాగ్రాహకుడే కాగా, యంత్రము చేయు పనిలో కళ యెక్కడిదను ఆక్షేపణకు బలము హెచ్చెను. స్టీగ్లిట్జ్ 1897 మొదలు 1902 వరకు న్యూయార్కు కెమెరా క్లబ్బు పక్షమున ‘కెమెరా నోట్స్’ పత్రికకు సంపాదకుడు. సభ్యులకు తమ చిత్రములను అచ్చులో చూచుకొనుట ప్రియము, ఈయనకు తాను మెచ్చినవి తప్ప అన్యములను అచ్చువేయుట కంటకము. సంఘముల పత్రికలు నడిపినవారికి ఈ తగవు క్రొత్త గాదు. కడకు ఆ పని విడిచి, 1902లో ‘ఫొటో సెసెషన్’ అను వేఱుకుంపటి పెట్టి, 1903 జనవరిలో సొంత త్రైమాసికమగు ‘కెమెరా వర్క్’ను వెలువరించెను. అట్టమీది అక్షరరచన ఛాయాగ్రాహకుడగు ఎడ్వర్డ్ స్టైకెన్‌ది. తొలి సంచికలో పెద్దపీట గెర్‌ట్రూడ్ కేసెబియర్ అను వనితది.

ఆ పత్రిక ప్రాణమంతయు ఫొటోగ్రావ్యూరు అను ముద్రణపద్ధతిలో నున్నది. ఆంగ్లేయుడగు టాల్బట్ ప్రయోగములతో మొదలైన ఆ పద్ధతిని 1879లో కారెల్ క్లీచ్ అను చెక్ దేశీయుడు పరిణతికి దెచ్చెను. నునుపైన రాగిరేకుపై గుగ్గిలమువంటి పొడిని మంచువలె సన్నముగా రాలనిచ్చి, కాచి అంటించి, వెలుతురు సోకిన జిలాటిను పొరను దానిపై పఱచి ఐరన్ క్లోరైడు ద్రావకమున ముంచినచో, పొర పలుచనైన చోట ద్రావకము లోతుగను, మందమైన చోట పైపైనను రాగిని తినును; లోతున సిరా చిక్కగా నిలిచి చీకటియగును, మెఱకన నిలువక వెలుగగును. సాధారణ ముద్రణలో చుక్కల వలగా విఱిగిపోవు నీడ ఇందు పొగమంచువలె తెగక సాగును. పలుచని జపాను కాగితముపై అచ్చొత్తిన బొమ్మలను ఒక్కొక్కదానిని చేతితో పుటకు అంటించెడివారు. కొన్నిటికి అసలు నెగటివు నుండియే రేకు తీసెడివారు. కావున చందాదారుని యింటికి వచ్చినది ప్రతికృతి యనుటకంటె కృతియనుటయే న్యాయము.

1905 నవంబరులో ఫిఫ్త్ అవెన్యూ 291వ నెంబరు ఇంట చిన్న చిన్న గదులలో చిత్రశాలయు తెఱచిరి. మొదట అన్నియు ఛాయాచిత్రములే. తరువాత పారిసునుండి స్టైకెన్ పంపగా 1908లో రోడాన్ రేఖాచిత్రములు, మతీస్ కృతులును, ఆపైన 1911లో పికాసో, 1914లో ఆఫ్రికా దారుశిల్పములు ఆ గోడల కెక్కెను. ఛాయాచిత్రములకై చందా కట్టినవారు కనలిరి. ఒక్కొక్కరే తొలగిపోగా, 1917 నాటికి నిలిచినవారు 40మందికి లోపు. నా దృష్టిలో ఆ పత్రికకు నిజమైన జయము, చందాలు తఱిగిన ఆ యేండ్లలోనిదే: మెప్పు దొరకిన చోటనే నిలిచిపోయినచో, అదియు మరియొక క్లబ్బు పత్రికయై యుండెడిది. తుదిసంచికను పాల్ స్ట్రాండ్ అను యువకుని కొఱకు వెచ్చించెను. కెమెరా ప్రక్కన ఉత్తుత్తి కటకమొకటి తగిలించి, ఎదుటివారికి తెలియనీయక ఇతడు తీసిన గ్రుడ్డి స్త్రీ ముఖము అందున్నది. వెనుకటి ఛాయాచిత్రములలోని మంచుతెరల అందము దానిలో మచ్చుకైన లేదు.

1924లో బోస్టను కళాప్రదర్శనశాల స్టీగ్లిట్జ్ తీసిన 27 ఛాయాచిత్రములను కైకొన్నది. అమెరికా పెద్ద చిత్రశాలలు ఛాయాచిత్రమును కళగా ఎంచి స్వీకరించిన తొలి సందర్భములలో నిదియొకటి. అడిగి తెప్పించినవాడు అచ్చటి భారతీయ కళావిభాగమున నున్న ఆనంద కుమారస్వామి. ఇతనితో కూడియే మన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించెను. ‘కెమెరా వర్క్’ కడపటి సంచిక వచ్చిన 1917లోనే ఆ గ్రంథమును వెలువడినది. పతాకము, త్రిపతాకము, అర్ధచంద్రమని వ్రేళ్ల వంపులకు పేర్లు పెట్టిన ఆ గ్రంథము బోస్టనులో కుమారస్వామి బల్లమీద నుండగా, న్యూయార్కులో స్టీగ్లిట్జ్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ చేతులను మరల మరల ఛాయాచిత్రములుగా తీయుచుండెను.