నురుగు తొట్టె

గడ్డం గీసుకునే విద్యకు చరిత్ర రాయబూనినప్పుడు చూపు సాధారణంగా కత్తి మీదనే నిలుస్తుంది. ఉక్కు ఎప్పుడు పలచబడింది, అంచులు ఒకటి నుంచి రెండెప్పుడైనాయి అన్న వివరాలతోనే ఆ కథ నడిచి ముగుస్తుంది. కత్తి చెంప మీది నుంచి తీసుకువచ్చిన నురుగు, అందులో చిక్కిన వెంట్రుకల ముక్కలు, మెడ వెంబడి చొక్కాలోకి జారే సబ్బునీరు ఎక్కడికి పోవాలన్నది చిల్లర విషయంగా మిగిలిపోతుంది. ఈ చిల్లర విషయం కోసమే కంచరులు, కుమ్మరులు, పింగాణీ పనివారు, చివరికి రేజరు తయారీదారులు కూడా తరతరాలుగా రకరకాల పాత్రలను రూపొందించారు. వాటిలో అన్నిటికంటె తెలివైనదీ, అన్నిటికంటె త్వరగా మరుగున పడినదీ సేఫ్టీ రేజరు తలకే అతికి ఉన్న ఒక చిన్న రేకు తొట్టె. 'సేఫ్టీ రేజరు' అన్న పేరు మొదట ధరించిన పనిముట్టు ఈ తొట్టెతో కలిసే పుట్టింది గాని, ఆ పేరులోని మొదటి మాట అందరి చెవులనూ ఆకట్టుకోవడంతో తొట్టె సంగతి వెనుకబడిపోయింది.

ఈ పాత్రల వంశంలో పెద్దది ఐరోపా క్షురకుల పళ్లెం. స్పానిష్ భాషలో 'బాసియా' అనీ, ఫ్రెంచిలో 'ప్లా ఆ బార్బ్' అనీ పిలిచే ఈ పళ్లేనికి మధ్యభాగం లోతుగా, అంచు వెడల్పుగా ఉండి, ఆ అంచులో ఒకచోట అర్ధచంద్రాకారంలో ఒక గండి కోసి ఉంటుంది. గడ్డం చేయించుకునే వ్యక్తి ఆ గండిని తన కంఠానికి ఆనించి, పళ్లేన్ని రెండు చేతులా గడ్డం కింద పట్టుకొని కూర్చుంటే, క్షురకుడు పళ్లెంలోని వేడినీటితోనే సబ్బు నురుగు చేసి ముఖానికి పట్టించేవాడు. కారినదంతా తిరిగి పళ్లెంలోనే పడేది. సబ్బు ఉండ జారిపోకుండా అంచు మీద చిన్న గుంట, పని ముగిశాక గోడకు తగిలించుకోవడానికి తాడు దూరే రంధ్రాలు కూడా చాలా పళ్లేలకు కనిపిస్తాయి. ఇత్తడితోనూ తగరపు మిశ్రమంతోనూ చేసినవి సామాన్యుల దుకాణాలలో ఉండగా, సంపన్నుల కోసం 17, 18 శతాబ్దాలలో చైనా, జపాన్ దేశాల పింగాణీ పనివారు ఇదే గండితో, ఇదే ఆకారంతో పూలూ లతలూ చిత్రించిన పళ్లేలను చేసి ఓడలలో ఐరోపాకు పంపారు. తమ ఇళ్లలో ఏనాడూ వాడని పాత్రకు, ఏ కంఠం ఆనుతుందో తెలియని గండిని అంత కొలతగా దిద్దిన ఆ పనివారి నేర్పు ఈనాడు మ్యూజియంల అద్దాల వెనుక కనిపిస్తుంది. ఇంగ్లండులో తయారైన కొన్ని మట్టిపళ్లేల మీద మూడు నెలల గడువు తీరిందని ఖాతాదారుకు గుర్తుచేసే మాటలు రాసి ఉంటాయి. క్షురకునికి రోజువారీ కూలి గాక మూడు నెలలకొకసారి సొమ్ము ముట్టజెప్పే ఏర్పాటు అక్కడ ఉండేది కనుక, పళ్లెం పట్టుకొని కదలలేక కూర్చున్న మనిషి కళ్లెదుట ఆ మాటలు ఉంచడం కంటె మర్యాదైన వసూలు పద్ధతి మరొకటి ఉండదు.

ఈ పళ్లేనికి సాహిత్యంలో దొరికిన స్థానం కత్తికి కూడా దొరకలేదు. 1605లో వెలువడిన సెర్వాంటెస్ నవల 'డాన్ కిహోటే' మొదటి భాగంలో, వాన పడుతుంటే కొత్త టోపీ తడిసిపోతుందన్న భయంతో ఇత్తడి పళ్లేన్ని నెత్తిన బోర్లించుకొని గాడిద మీద పోతున్న ఒక పల్లెటూరి క్షురకుని చూసి, కథానాయకుడు దానిని మంబ్రీనో అనే రాజు ధరించిన బంగారు శిరస్త్రాణంగా భ్రమించి లాక్కుంటాడు. సెర్వాంటెస్ ఎంచుకున్న వస్తువులో ఆనాటి వృత్తిజీవితం కూడా దాగి ఉంది. క్షురకుడు ఊరూరా తిరిగేవాడు. గడ్డం గీయడంతో పాటు నరం కోసి రక్తం తీసే చికిత్స కూడా అతనిదే. నురుగు పట్టిన పళ్లెమే రక్తాన్నీ పట్టేది. లండన్‌లో 1540లో ఒకే సంఘంగా కలిసిన క్షురకులూ శస్త్రవైద్యులూ 1745లో విడిపోయేవరకు ఈ రెండు పనుల మధ్య గీత పలచగానే ఉండేది. క్షురకుల దుకాణాల ముందు కనిపించే చారల స్తంభం కొనన ఉండే గుండ్రటి గోళం ఒకప్పటి ఈ పళ్లేనికే గుర్తు అని సాధారణంగా చెబుతారు.

తెలుగు నేలపై క్షురకవృత్తివారి పొదిలో, అంటే పనిముట్లు సర్దుకునే తోలుసంచిలో, కత్తి, కత్తెర, గోళ్లు తీసే నహరణి, సాన, చిన్న నీళ్లగిన్నె ఉండేవి గాని గండి కోసిన పళ్లెం ఉండేది కాదు. అది లేకపోవడం లోపం కాదు, అవసరమే లేదు. క్షవరం జరిగేది ఇంటి బయట, చెట్టునీడన లేదా పెరట్లో; ఇద్దరూ ఎదురెదురుగా నేల మీద కూర్చునేవారు; గడ్డాన్ని మెత్తపరచినది సబ్బు నురుగు కంటె నీళ్లూ, వేళ్లతో చేసే మర్దనా; కత్తికి అంటినది పనివాడి ఎడమ చేతి మీదికి చేరేది; అన్నిటికీ మించి, క్షవరం చేయించుకున్న మనిషి తలస్నానం చేయనిదే ఇంట్లో దేనినీ ముట్టుకోరాదన్న ఆచారం గట్టిగా ఉండేది. ఐరోపాలో పళ్లెం చేసిన పనిని ఇక్కడ పెరడూ స్నానమూ పంచుకున్నాయని చెప్పవచ్చు. చలిదేశంలో, చాపలూ తివాచీలూ పరిచిన గదిలో, పూర్తిగా దుస్తులు ధరించి కూర్చున్న మనిషికి మాత్రమే నురుగు పెద్ద సమస్య అవుతుంది.

ఆ మనిషి తన గడ్డం తానే గీసుకోవడం మొదలుపెట్టిన తరువాత సమస్య మరింత ముదిరింది. పారిస్ నగరపు కత్తుల తయారీదారు జాన్ జాక్ పెరే 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో, ఎవరికి వారే గడ్డం గీసుకునే విద్య మీద ఒక గ్రంథం రాసి, కత్తి లోతుగా తెగకుండా అంచుకు కొయ్య తొడుగు బిగించే ఉపాయం చూపాడు. తొడుగు చర్మాన్ని కాపాడింది గాని, రెండు చేతులూ కత్తికీ చెంపకూ చాలిపోగా పళ్లెం పట్టుకోవడానికి మూడవ చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? పళ్లెం బల్ల మీదికి దిగి, క్రమంగా కప్పుగా కుదించుకుపోయింది. 19వ శతాబ్దపు షేవింగ్ మగ్గు ఇలా పుట్టినదే. ఇంగ్లండులో వాడిన ఒక రకానికి ముక్కు ముందుకు సాగి, బొగ్గు పోసుకునే పాత్రను తలపించడం వల్ల 'స్కటిల్' అన్న పేరు వచ్చింది. కింది భాగంలో వేడినీరు, ముక్కులో నుంచి బ్రష్షు ముంచడానికి దారి, పైన చిల్లులున్న గిన్నెలో సబ్బు, సబ్బు మీది తడి ఆ చిల్లుల గుండా కిందికి దిగిపోయే ఏర్పాటు ఇందులో ఉంటాయి. కత్తికి అంటిన నురుగును తుడవడానికి చిన్న చిన్న కాగితపు ముక్కలను దొంతరగా కట్టి అద్దం పక్కన ఉంచుకునేవారు. అమెరికాలో మగ్గు మరో వేషం వేసింది. క్షురకుని దుకాణంలో ఖాతాదారులు ఎవరి మగ్గు వారు ప్రత్యేకంగా చేయించుకొని అరలో ఉంచేవారు. దాని మీద బంగారు అక్షరాలతో వారి పేరూ, కమ్మరికి దాగలి, కసాయికి ఎద్దు అన్నట్లు వారి వృత్తిని తెలిపే బొమ్మా ఉండేవి. అందరి ముఖాలకూ ఒకే నురుగు పూస్తే చర్మరోగం అంటుకుంటుందన్న భయం ఈ ఆచారానికి కొంత కారణమైతే, దుకాణం గోడ మీద తన పేరు మెరవాలన్న కోరిక మరికొంత కారణం కావాలి.

మగ్గు నురుగు పుట్టే చోటును చక్కబెట్టింది గాని, అది చేరవలసిన చోటును పట్టించుకోలేదు. ఆ పని న్యూయార్కులో కాంఫె సోదరులు చేశారు. 1880 జూన్‌లో వారికి లభించిన పేటెంటులో 'సేఫ్టీ రేజరు' అన్న పేరు మొదటిసారిగా కనిపిస్తుంది; 'స్టార్' అన్న వ్యాపారనామంతో అది అంగళ్లకు వచ్చింది. మడత కత్తి అలుగులో నుంచి బెత్తెడుకు లోపు ముక్క కోసి తీసినట్లుండే దాని బ్లేడు, వెన్ను దగ్గర మందంగా, అంచు దగ్గర పలచగా ఉండేది. దానిని స్ప్రింగు పట్టీల కిందికి జొనిపితే, అంచు ముందు దువ్వెన పళ్ల వంటి వరుస చర్మానికి కాపలాగా నిలిచేది; ఆ పళ్ల వెనుక, బ్లేడు కింద, వంపు తిరిగిన రేకుతో చేసిన గుల్ల ఉండేది. పిడిని చెంప మీద కిందికి లాగినప్పుడు తెగిన వెంట్రుకలతో కూడిన నురుగు పళ్ల సందుల నుంచి ఆ గుల్లలోకి చేరి నిలిచిపోయేది. నేల మీదా చొక్కా మీదా పడవలసినది ముఖానికి అంగుళం దూరంలోనే చిక్కుకునేదన్నమాట. తరువాత వచ్చిన 'జెమ్' మొదలైన రేజర్లు కూడా ఇదే పోకడను అనుసరించినందువల్ల, పాత వస్తువులు సేకరించేవారు ఈ జాతినంతటినీ నురుగు పట్టే రేజర్లని పిలుస్తారు.

ఈ తొట్టె విలువ తెలుసుకోవడానికి ఓడ ప్రయాణం కంటె మంచి పరీక్ష లేదు. అమెరికా వైద్యుడూ రచయితా అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్ 1886లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఐరోపాకు ఓడలో వెళ్తూ స్టార్ రేజరు వాడి చూసి, మరుసటి సంవత్సరం ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో దానిని పొగిడాడు. అద్దం లేకుండానే గీసుకోవచ్చుననీ, విసుగు పుట్టించే పని వినోదంగా మారిందనీ ఆయన సంబరపడ్డాడు. నేల ఊగుతూ ఉండే గదిలో నీళ్ల బేసిను కంటె రేజరుకే అంటుకుని ఉన్న తొట్టె ఎంత నమ్మదగినదో ఊహించడం కష్టం కాదు. అయితే పని ముగిశాక బ్లేడును విడదీసి, తొట్టెలోని ముద్దను దులిపి, కడిగి, రెండింటినీ పొడిగా తుడిచి, బ్లేడును వేరే పిడికి తగిలించి తోలుపట్టా మీద సాన పెట్టుకోవలసి వచ్చేది. ముఖం దగ్గర తగ్గిన శ్రమ ఇలా బల్ల దగ్గర తిరిగి లెక్కకు వచ్చింది.

తొట్టెను అణగార్చినది కింగ్ క్యాంప్ జిలెట్. సాన పెట్టనక్కరలేని, అరిగితే పారవేసే పలచని బ్లేడు అన్న ఆలోచన ఆయనకు 1895లో కలిగినా, అంత పలచని ఉక్కును వంకరపోకుండా గట్టిపరిచే పద్ధతి విలియం నికర్సన్ అనే ఇంజనీరు చేతిలో రూపుదిద్దుకునే సరికి కొత్త శతాబ్దం వచ్చింది. 1903లో 51 రేజర్లు మాత్రమే అమ్మిన జిలెట్ సంస్థ మరుసటి ఏడు 90 వేలకు పైగా అమ్మింది. జిలెట్ బ్లేడుకు అంచులు రెండు. రెండు వైపులా గీసే తలకు వెనుక అనేది ఉండదు కనుక, తొట్టె అతికించడానికి చోటే లేకపోయింది. నురుగు పళ్ల సందున ఒక క్షణం నిలిచి, నీళ్లలో ఆడిస్తే వదిలిపోయేది. పట్టణాల ఇళ్లలోకి కుళాయి నీరూ, కింద గొట్టం ఉన్న తొట్టీ రావడం ఇదే కాలంలో వ్యాపించింది కనుక, జిలెట్ విజయంలో కొంత భాగం కుళాయికే చెందుతుందనడం సబబు. రేకు తొట్టె మాయమైందనడం కంటె, అది పెరిగి పెద్దదై గోడకు అతుక్కుందనడమే నిజానికి దగ్గరగా ఉంటుంది. కుళాయి లేని చోట మాత్రం పాత అవసరం మళ్లీ తలెత్తేది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఛాయాచిత్రాలలో అమెరికా సైనికులు తమ ఉక్కు శిరస్త్రాణాన్ని వెల్లకిలా ఉంచి, అందులో నీళ్లు పోసుకొని గడ్డం గీసుకుంటూ కనిపిస్తారు. డాన్ కిహోటే పళ్లేన్ని శిరస్త్రాణం అనుకున్నాడు. వీరు శిరస్త్రాణాన్నే పళ్లెం చేశారు.

నురుగు గొట్టంలోకి పోయినా, పారవేయవలసిన కొత్త వస్తువు ఒకటి చేతిలో మిగిలింది. మొద్దుబారిన బ్లేడు గడ్డం గీయలేదు గాని వేలు కోయగలదు. చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తేవారి చేతికి ముప్పు. జాకబ్ షిక్ 1926లో తెచ్చిన రేజరు, వేలు తగలకుండానే కొత్త బ్లేడును పిడిలో నుంచి నేరుగా తలలోకి తోసే పద్ధతితో ఈ భయాన్ని కొంత తగ్గించింది. కప్ప, గాడిద, ఏనుగు ఆకారాల పింగాణీ బొమ్మల వీపున చిన్న చీలిక పెట్టి, వాడిన బ్లేడ్లు వేసుకొమ్మని అమ్మినవారూ పంచిపెట్టినవారూ ఉన్నారు; చిల్లర డబ్బుల ముంతను పోలినా, వీటిని పగలగొట్టాలని ఎవరికీ అనిపించదు. తెలుగు ఇళ్లలో ఈ బొమ్మల అవసరమూ కలగలేదు. పాత బ్లేడు కాగితం మడతలో చుట్టి కిటికీ గూట్లో దాచబడి, పెన్సిలు చెక్కడానికీ, కుట్లు విప్పడానికీ, గోళ్లు తీయడానికీ పనికివస్తూ, తుప్పు పట్టేదాకా ఇంట్లోనే ఉండేది. క్షౌరశాలలలో కొత్త బ్లేడునే నిలువునా రెండుగా విరిచి, సగాన్ని పిడిలో పెట్టి, వాడిన తరువాత ఆ సగాన్ని డబ్బాలో వేయడం నేటికీ కనిపిస్తుంది.

అమెరికా ఇళ్లలో దొరికిన ఉపాయం వీటన్నిటికంటె సులువైనది. స్నానాల గది గోడలో అమర్చిన మందుల అలమరా వెనుక రేకుకు బ్లేడు పట్టేంత సన్నని చీలిక ఒకటి కోసి ఉంచేవారు. అందులో వేసిన బ్లేడు ఏ డబ్బాలోనూ పడదు. కొయ్య నిలువుల మీద పలకలు బిగించి కట్టిన గోడలో ఆ పలకల మధ్య ఉండే ఖాళీలోకి జారిపోయేది. ఆ ఖాళీ నిండడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది కనుక దానిని ఎవరు తీస్తారన్న ఆలోచన కట్టినవారికి రాలేదు. తుప్పు పట్టని ఉక్కు బ్లేడ్లు 1960ల ప్రారంభంలో వ్యాపించి ఒక్కొక్కటి ఎక్కువ రోజులు మన్నడం, 1970లలో ప్లాస్టిక్ తలలో బిగించిన జంట బ్లేడ్లూ, పిడితో సహా పారవేసే రేజర్లూ రావడంతో ఆ చీలికలో పట్టే వస్తువే అరుదైపోయి, కొత్త అలమరాలను చీలిక లేకుండానే చేయసాగారు. పాత ఇళ్లను మరమ్మతు చేసేటప్పుడు అలమరా ఊడదీసి గోడ పలక కోసిన వడ్రంగి కాళ్ల మీదికి, రెండు మూడు తరాల గడ్డాలు గీసిన బ్లేడ్లు ఒకదానికొకటి తుప్పుతో అంటుకొని, గోధుమరంగు గుట్టగా ఇప్పటికీ జారిపడుతుంటాయి.