మంట తీసేసే క్షణం

పట్టపగలే కిటికీ మూసి, లైటు ఆర్పేశాడు పెద్దబాపు. కరీంనగర్‌లో మా ఇంటి వెనక గది ఇది. ఒక పీట, ఒక దాగలి, గోడవారన గ్యాస్ సిలిండర్, మట్టి మూకుడులో నీళ్లు, పొగ లాగేందుకు పైన తిరిగే చిన్న ఫ్యాను. వెండి ఎంత కాలిందో చెప్పేది దాని రంగొక్కటే. వెలుతురుంటే ఆ రంగు కళ్లకు ఆనదు.

నా ముందు నిప్పు ఇటుక మీద బొటనవేలి గోరంత వెండి ఆకు. చుట్టూ కాస్త లావు తీగతో చట్రం, లోపల సన్నతీగ చుట్టలు. వంగి చూస్తే ఆ చుట్టల అంచుకు రంపంలా సన్నని పళ్లు. రెండు తీగలు మెలేసి మిషన్లో చదును చేస్తే వచ్చిన పళ్లవి. వెలుగు పడి తళుక్కుమనేది వాటి మీదే. చుట్టలు కదలకుండా పట్టి ఉంచింది గురివింద గింజ జిగురు. పొట్టు తీసి పప్పును రాయి మీద నీళ్లతో అరగదీశాం. ఆ పప్పు విషం, అందుకే ఆ రాయి గడప దాటి వంటింట్లోకి పోదు.

వేలికొసలతో టంకం పొడి చల్లుతున్నాను. అదీ వెండే, కాకపోతే రాగి, జింకు కలిసిన వెండి. అచ్చ వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి, రాగికి 1085. ఆ రెంటినీ 72 పాళ్లు, 28 పాళ్లు కలిపితే మాత్రం 779 దగ్గరే కరిగిపోతుంది. జింకు చేరితే ఇంకా ముందే. ఆకు నిలిచి ఉండగా టంకం ఒక్కటే కరగడానికి మాకు దొరికే సందు ఇంతే. కాడ్మియం కలిసిన టంకాన్ని మాత్రం పెద్దబాపు ఇంట్లోకి రానివ్వడు. దాని పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది.

మంట అందుకున్నాను. ముందు దూరం నుంచే వెచ్చన. టంకం పొడిలో కలిపిన వెలిగారంలోని నీరు ఆవిరై తెల్లగా పేలాల్లా పొంగుతోంది. ఇక్కడ తొందరపడితే ఆ పొంగు చుట్టలను పక్కకు నెట్టేస్తుంది. కాసేపటికి పొంగు కుంగి, గాజులా కరిగి, ఆకు ఒళ్లంతా తడిసినట్టు మెరిసింది. వేడికి లోహం మీద లేచే ఆక్సైడు పొరను ఆ గాజే తనలో కలిపేసుకుంటుంది. మురికి మీద టంకం పారదు.

నా చెయ్యి పొడి వైపు జరిగింది. వెంటనే వెనక నుంచి గొంతు.

"టంకానికి మంట చూపియ్యకు బిడ్డా. ఎండికి చూపియ్యి. ఎండి యాడ కాలితే టంకం ఆడికే ఉరుకుతది."

మంటను చట్రం చుట్టూ తిప్పుతున్నాను. లావు తీగ ఆలస్యంగా కాలుతుంది, చుట్టలు రెప్పపాటులో కాలిపోతాయి. రెండూ ఒక్కసారే అందుకోవాలి. పోయిన వారం నేను లోపలికి మంట పెట్టాను. మూడు చుట్టలు ముడుచుకుని ఒక్క బొట్టయ్యాయి. పొద్దంతా చుట్టిన పని.

ఆరబోయే బొగ్గు ఎరుపు. ఊపిరి బిగబట్టాను. ఇంకాస్త ఎరుపు. ఉన్నట్టుండి చట్రం వెంట వెలుగు గీత ఒకటి సర్రున పరుగెత్తింది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ప్రతి సందూ టంకాన్ని తాగింది. వెంట్రుక పట్టేంత సందైతేనే అలా తాగుతుంది, అంతకు వెడల్పైతే టంకం దాటదు.

"తియ్యి!"

తీసేశాను. ఇంకొక్క క్షణం ఉంచితే ఆకు లేదు.

ఎరుపు చల్లారేదాకా ఇద్దరం మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో నాకొకటి గుర్తొచ్చింది. 2023లో ఢిల్లీలో జీ20 సదస్సు జరిగినప్పుడు మా ఊరి తీగపనితో అశోకచక్రం బ్యాడ్జీలు చేసి పంపారు. చక్రానికి 24 ఆకులని అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ అంకె వినగానే అతుకులు కళ్లముందు మెదిలాయి, వాటి వెనక ఎన్నిసార్లు ఎవరు ఊపిరి బిగబట్టారో అని.

ఆకును పలచటి ఆమ్లంలో వేశాం, రాగి పట్టకారుతో. ఇనుప పట్టకారు ముంచితే అందులో కరిగిన రాగి వెండికి పట్టి ఎర్రబారుతుంది. తాతల కాలంలో ఈ పని చింతపండు పులుసు చేసేది. కుంకుడు రసంతో, ఇత్తడి బ్రష్షుతో తోమేసరికి ఆకు పాలలా తెల్లబడింది.

పెద్దబాపు కిటికీ తెరిచి ఎండకెత్తి చూశాడు. సూదిమొనతో ఒక్కో చుట్టనూ తాకుతూ వచ్చాడు. ఒకటి కదిలింది. తొడిమ దగ్గరిది.

ఆయన నన్నేమీ అనలేదు. రెండో డబ్బా ముందుకు జరిపాడు. అందులోది మొదటిదానికన్నా తక్కువ వేడికే కరిగే టంకం, నిలబడిన అతుకులు మళ్లీ కరిగిపోకుండా.

లేచి వెళ్లి కిటికీ నేనే మూశాను.