నర్సింగ్‌లో ఔషధ శాస్త్ర ప్రాథమిక సూత్రాలు

నర్సింగ్‌లో ఔషధ శాస్త్ర ప్రాథమిక సూత్రాలు అంటే మందులు వాడుతున్న రోగిని కనిపెట్టుకొని ఉండే నర్సు తప్పక తెలుసుకొనవలసిన ఔషధ విజ్ఞానం. మందు శరీరంలోకి ఎలా ప్రవేశిస్తుంది, అక్కడ ఏమి చేస్తుంది, ఎలా బయటకు పోతుంది, మోతాదు ఎలా లెక్కించాలి, ఏ లక్షణం కనబడితే మందు ఆపి వైద్యునికి తెలపాలి అన్నవి ఇందులోని ముఖ్యాంశాలు. సాధారణంగా ఆసుపత్రిలో మందును నిర్ణయించేది వైద్యుడు, అందించేది ఫార్మసిస్టు, రోగి శరీరంలోకి చేర్చేది నర్సు. పొరపాటు మందుల చీటీలో జరిగినా, మందుల గదిలో జరిగినా, దానిని పట్టుకొనడానికి మిగిలిన చివరి అవకాశం నర్సుదే. కారణం తెలియకుండా ఆదేశాన్ని అమలుపరచే వారికి ఆ పొరపాటు కనబడదు. అందువలన నర్సింగ్ విద్యలో ఔషధ శాస్త్రం ఒక ప్రధాన పాఠ్యాంశం.

నేపథ్యం

భారతదేశంలో నర్సింగ్ విద్యా ప్రమాణాలను నిర్ణయించడానికి 1947 నాటి చట్టం ప్రకారం భారత నర్సింగ్ మండలి ఏర్పడింది. మందుల తయారీ, అమ్మకాలు 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టానికి లోబడి ఉంటాయి. మార్ఫిన్ వంటి మత్తు మందులకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వర్తిస్తుంది. కాబట్టి వాటిని తాళం వేసి భద్రపరచి, వాడిన ప్రతి మోతాదుకూ పుస్తకంలో లెక్క చూపుతారు.

మందుల వాడకంలో జరిగే హానిని తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక అంతర్జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2022 సెప్టెంబరు 17న జరిగిన ప్రపంచ రోగి భద్రతా దినోత్సవానికి కూడా మందుల భద్రతనే అంశంగా ఎంచుకున్నారు.

మందుల పేర్లు

ప్రతి మందుకు ఒక రసాయనిక నామం, ఒక జెనెరిక్ నామం, కంపెనీలు పెట్టుకున్న వ్యాపార నామాలు ఉంటాయి. ఒకే పారాసెటమాల్ మన దేశంలో అనేక వ్యాపార నామాలతో దొరుకుతుంది. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు మరొక మాత్ర వేసుకున్న రోగి రెండింటిలోనూ ఉన్న పారాసెటమాల్‌ను తెలియకుండానే రెట్టింపు తీసుకోవచ్చు. పెద్దవారిలో రోజుకు 4 గ్రాములు దీని గరిష్ఠ పరిమితి. అది మించితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుచేత నర్సు మందును జెనెరిక్ పేరుతో గుర్తించడం అలవాటు చేసుకోవాలి.

డోపమీన్ - డోబ్యుటమీన్, హైడ్రాలజీన్ - హైడ్రాక్సిజీన్ వంటి జంటలు వినడానికి ఒకేలా ఉన్నా వాటి పనులు వేరు. ఇటువంటి మందులను ఒకే అరలో పక్కపక్కన ఉంచరాదు. ఫోనులో ఆదేశం తీసుకొనవలసి వస్తే రాసుకొని, తిరిగి చదివి వినిపించాలి.

శరీరంలో మందు ప్రయాణం

మందు శరీరంలో చేసే ప్రయాణంలో నాలుగు దశలు ఉన్నాయి. ఈ దశలను అధ్యయనం చేసే శాఖను ఔషధ గతి శాస్త్రం అంటారు.

* శోషణ: మందు ఇచ్చిన చోటినుండి రక్తంలోకి చేరడం. సిర ద్వారా ఇచ్చిన మందు నేరుగా రక్తంలో కలుస్తుంది కనుక అది వేగంగా పని చేస్తుంది. పొరపాటు జరిగితే దానిని వెనుకకు తీసుకోలేము. నోటి ద్వారా ఇచ్చిన మందు ముందుగా కాలేయం గుండా వెళ్ళి, అక్కడ కొంత నశిస్తుంది. ఈ కారణం చేతనే మార్ఫిన్ నోటి మోతాదు, సిర ద్వారా ఇచ్చే మోతాదుకు సుమారు మూడు రెట్లు ఉంటుంది. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిసరిన్ మాత్రను నాలుక కింద పెట్టేది కూడా కాలేయాన్ని తప్పించడానికే. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను పొడి చేసి గొట్టం ద్వారా ఇస్తే రోజంతటికీ సరిపోయే మందు ఒక్కసారిగా విడుదల అవుతుంది.
* వితరణ: రక్తం ద్వారా మందు శరీర భాగాలకు చేరడం. కొన్ని మందులు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీనును అంటిపెట్టుకొని తిరుగుతాయి. అంటుకోకుండా స్వేచ్ఛగా ఉన్న భాగమే పనిచేస్తుంది. పోషకాహార లోపం ఉన్నవారిలో ఆల్బుమిన్ తక్కువ కనుక, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మామూలు మోతాదులోనే విషలక్షణాలు చూపవచ్చు.
* జీవక్రియ: మందు రసాయనిక మార్పు చెందడం. ఇది ఎక్కువగా కాలేయంలో జరుగుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి, గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది.
* విసర్జన: మందు శరీరాన్ని విడిచిపోవడం. ఇందులో ముఖ్య పాత్ర మూత్రపిండాలది. జెంటామైసిన్ వంటి మందు ఇస్తున్నప్పుడు రోగి ఎంత మూత్రం పోస్తున్నాడో కొలిచి రాయడం మందు ఇవ్వడంతో సమానమైన పని. మూత్రం తగ్గిందంటే మందు శరీరంలో పేరుకొంటున్నదని అనుమానించాలి.

అర్ధాయువు

రక్తంలో మందు పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. పారాసెటమాల్ అర్ధాయువు సుమారు 2 నుండి 3 గంటలు. డిగాక్సిన్ అర్ధాయువు, మూత్రపిండాలు సవ్యంగా ఉన్నవారిలో, 36 నుండి 48 గంటలు. క్రమం తప్పకుండా మందు ఇస్తున్నప్పుడు నాలుగైదు అర్ధాయువుల తరువాత రక్తంలో మందు ఒక నిలకడ స్థాయికి చేరుతుంది. "ఉదయం 8, రాత్రి 8" అని వేళలు నిర్ణయించేది ఈ లెక్క ఆధారంగానే. డ్యూటీ మారే సమయంలో ఒక మోతాదు తప్పిపోయిందని తరువాతి వేళకు రెండు మోతాదులు కలిపి ఇవ్వరాదు.

మందు పనిచేసే తీరు

చాలా మందులు కణాలపై ఉండే గ్రాహకాలతో కలిసి పనిచేస్తాయి. తాళంలో సరిపడే తాళంచెవిలా గ్రాహకాన్ని ఉత్తేజపరచే మందులు కొన్ని. దూరి, తిరగకుండా అడ్డుపడేవి మరికొన్ని. మార్ఫిన్ మొదటి రకానికి, దాని విరుగుడైన నాలాక్సోన్ రెండవ రకానికి ఉదాహరణలు.

గుణం ఇచ్చే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం కొన్ని మందులలో చాలా స్వల్పం. డిగాక్సిన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇది డిజిటాలిస్ జాతి మొక్కల నుండి వచ్చిన మందు. ఆ మొక్క ఆకు ప్రభావాన్ని, మోతాదును పరిశీలించి ఆంగ్ల వైద్యుడు విలియం విదరింగ్ 1785లో గ్రంథం ప్రచురించాడు. డిగాక్సిన్ ఇచ్చే ముందు నర్సు స్టెతస్కోపుతో గుండె చప్పుళ్ళను పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. పెద్దవారిలో అవి 60 కంటే తక్కువ ఉంటే మందు ఆపి వైద్యునికి తెలపాలి. ఆకలి మందగించడం, వాంతులు, వస్తువులు పసుపుపచ్చగా కనబడటం విషలక్షణాలు. ఇదే రోగికి నీరు తీయడానికి ఫ్యూరోసెమైడ్ కూడా ఇస్తుంటే రక్తంలో పొటాషియం తగ్గుతుంది, దానితో డిగాక్సిన్ విషప్రభావం పెరుగుతుంది. "ఈ రోజు అన్నం సయించలేదమ్మా" అని రోగి అన్న మాట నర్సుకు ఒక ముఖ్యమైన సమాచారం.

ఐదు సరైనవి

మందు ఇచ్చే ముందు సరిచూడవలసిన ఐదు విషయాలను నర్సింగ్ పాఠాలలో మొదటగా నేర్పుతారు.

* సరైన రోగి: వార్డులో ఒకే పేరుగల వారు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. "మీరు లక్ష్మిగారేనా?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్నవారు ఎవరైనా అవునంటారు. "మీ పేరు చెప్పండి" అని అడిగి, కేస్ షీటు నంబరుతో సరిచూడాలి. మంచం నంబరు ఒక్కటే ఆధారం కారాదు.
* సరైన మందు: పెట్టెలోంచి తీసేటప్పుడు, మోతాదు సిద్ధం చేసేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు మూడుసార్లు పేరు, గడువు తేదీ చదవాలి.
* సరైన మోతాదు: లెక్కలో అనుమానం ఉంటే మరొకరిచేత విడిగా లెక్క చేయించాలి.
* సరైన మార్గం: నోరు, కండ, చర్మం కింద, సిర. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ సిర ద్వారా మాత్రమే ఇవ్వవలసిన మందు. పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణాంతకం.
* సరైన సమయం: భోజనానికి ముందా, తరువాతనా అన్నది కూడా ఇందులోకే వస్తుంది.

వీటికి సరైన నమోదు అనే ఆరవది కూడా చేరింది. ఇచ్చిన తరువాతనే రాయాలి. ముందే రాసిపెట్టడం, ఇతరులు సిద్ధం చేసిన మందును ఇవ్వడం నిషిద్ధం.

మోతాదు లెక్కలు

కావలసిన మోతాదును చేతిలో ఉన్న మందు గాఢతతో భాగించి, దాని పరిమాణంతో గుణించాలి. 250 మిల్లీగ్రాములు కావాలి, సిరప్‌లో ప్రతి 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుంటే, 250 ÷ 125 × 5 = 10 మిల్లీలీటర్లు ఇవ్వాలి.

సెలైన్ చుక్కలకు మొత్తం మిల్లీలీటర్లను సెట్టు చుక్కల సంఖ్యతో గుణించి, నిమిషాలతో భాగించాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో 500 మిల్లీలీటర్లు 4 గంటలలో ఎక్కించాలంటే 500 × 20 ÷ 240, అంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు.

పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే, 12 కిలోల బిడ్డకు ఒక విడతకు 180 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 7.5 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములున్న చుక్కల మందు అయితే 1.8 మిల్లీలీటర్లు మాత్రమే. సిరప్ కొలతను చుక్కల మందుకు వాడితే బిడ్డకు నాలుగు రెట్లకు మించి మందు పడుతుంది. ఇంటికి పంపేటప్పుడు తల్లికి సీసా చూపించి కొలిచి చెప్పడం ఇందుకే.

ప్రత్యేక జాగ్రత్త అవసరమైన మందులు

ఇన్సులిన్: భారతదేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు ఉన్న రెండు రకాల ఇన్సులిన్‌లు దొరుకుతాయి. 40 రకానికి ఎరుపు మూత సిరంజి, 100 రకానికి నారింజ రంగు మూత సిరంజి వాడతారు. 100 రకం మందును ఎరుపు మూత సిరంజితో అదే గీత వరకు తీస్తే రెండున్నర రెట్లు మోతాదు వెళుతుంది. యూనిట్లకు సంకేతంగా రాసే ఆంగ్ల అక్షరం "యూ" సున్నలా కనబడి 10 యూనిట్లు 100గా చదవబడే ప్రమాదం ఉంది కాబట్టి "యూనిట్లు" అని పూర్తిగా రాయాలి. రెగ్యులర్ ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు ఇస్తారు. సూది వేసిన తరువాత భోజనం రాకపోతే చెమటలు, వణుకు, తికమక కలుగుతాయి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, స్పృహ ఉన్నవారికి నోటి ద్వారా గ్లూకోజు ఇవ్వాలి. స్పృహ లేనివారికి నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే వైద్యుని పిలిచి సిర ద్వారా గ్లూకోజు ఎక్కించాలి.

పొటాషియం క్లోరైడు: ఈ గాఢ ద్రావణాన్ని పలుచన చేయకుండా నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చూడటానికి ఇతర ఆంప్యూల్‌లను పోలి ఉంటుంది కనుక వార్డులో దీనిని విడిగా ఉంచాలి.

రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు: హెపారిన్‌కు విరుగుడు ప్రోటమీన్, వార్ఫరిన్‌కు విరుగుడు విటమిన్ కె. వార్ఫరిన్ వాడేవారు తోటకూర, పాలకూర వంటివి పూర్తిగా మానవలసిన అవసరం లేదు, కాని రోజూ తినే పరిమాణం ఒకేలా ఉండాలి. చిగుళ్ళ నుండి రక్తం, నల్లని విరేచనం కనబడితే వెంటనే తెలపాలి.

మార్ఫిన్: శ్వాస వేగాన్ని లెక్కించిన తరువాతనే ఇవ్వాలి. నిమిషానికి 12 కంటే తగ్గితే మందు ఆపి వైద్యునికి తెలపాలి.

మెథోట్రెక్సేట్: భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో వెలువడిన మందు ఇది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొని, వేగంగా విభజన చెందే కణాలను నిరోధిస్తుంది. క్యాన్సర్‌తో పాటు కీళ్ళవాతానికి కూడా వాడతారు. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్క రోజు మాత్రమే ఇవ్వాలి. రోజువారీ మాత్ర అని పొరబడి వరుసగా వేసుకున్నవారిలో నోటిపూత, జ్వరం, ఎముక మజ్జ దెబ్బతినడం, మరణం కూడా సంభవించాయి. కాబట్టి చీటీపై "వారానికి ఒకసారి" అని, ఏ వారమో పేరుతో సహా రాసి ఉండాలి. రోగి చేత ఆ మాట తిరిగి చెప్పించాలి. దీని విరుగుడు ఫోలినిక్ ఆమ్లం.

అలర్జీ, దుష్ప్రభావాలు

మందు ఇచ్చే ముందు, గతంలో ఏ మందైనా పడలేదా అని అడగాలి. పెన్సిలిన్ వంటి సూదిమందు తరువాత దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, ఆయాసం, రక్తపోటు పడిపోవడం కనబడితే అది తీవ్రమైన అలర్జీ. మందు ఆపి సహాయానికి పిలవాలి. తొడ బయటి వైపు కండలోకి ఇచ్చే ఎడ్రినలిన్ దీనికి మొదటి చికిత్స. పెద్దవారికి దీని మోతాదు 0.5 మిల్లీగ్రాములు. సూది వేసే ముందే ఎడ్రినలిన్ అందుబాటులో ఉన్నదో లేదో చూసుకోవాలి.

మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి భారతదేశంలో 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. దాని జాతీయ కేంద్రం ఘజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. వైద్యులే కాక నర్సులు కూడా దీనికి నివేదిక పంపవచ్చు.

రోగికి తెలియజేయవలసినవి

మందు ఎందుకు, ఎప్పుడు, ఎన్నాళ్ళు వాడాలో రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పకపోతే, రక్తం పడుతున్నదని భయపడి రోగి క్షయ మందు మానివేసే అవకాశం ఉంది. అదే చికిత్సలోని ఇథాంబుటాల్ వలన చూపు మసకబారితే మాత్రం వెంటనే రావాలని చెప్పాలి. ఏది భయపడనవసరం లేనిదో, ఏది ఆలస్యం చేయరానిదో వేరుచేసి చెప్పగలగడానికి నర్సుకు ఔషధ శాస్త్రం తెలిసి ఉండాలి.

ఆదేశం అస్పష్టంగా ఉన్నప్పుడు, మోతాదు అసాధారణంగా తోచినప్పుడు వైద్యుని అడిగి నిర్ధారించుకొనే వరకు మందు ఇవ్వకుండా ఆగడం నర్సు హక్కు, బాధ్యత కూడా.

గమనిక: ఈ వ్యాసం అవగాహన కొరకు మాత్రమే. ఇందులోని మోతాదులను వైద్యుని సలహా లేకుండా స్వంతంగా పాటించరాదు.

ఇవి కూడా చూడండి

* ఔషధ శాస్త్రం
* నర్సింగ్
* ఇన్సులిన్
* యల్లాప్రగడ సుబ్బారావు
* క్షయ