సాయుధ వాహనం మనది, ఫిరంగి ఎవరిది?

హుస్నాబాద్ ప్రాంతంలో చదువుతున్న మీకు మెదక్ పేరు కొత్త కాదు. అయితే మెదక్ ఆయుధ కర్మాగారం ఉన్నది మెదక్ పట్టణంలో కాదు, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారంలో. 1984లో ఏర్పడిన ఈ కర్మాగారంలో సోవియట్ లైసెన్సుతో బి.ఎం.పి.-2 పదాతిదళ పోరాట వాహనాన్ని 'సారథ్' పేరుతో తయారుచేశారు.

ఇది ట్రాకులపై నడుస్తుంది, నీటిలో ఈదగలదు. దీని టరెట్‌లో 30 మి.మీ. స్వయంచాలక ఫిరంగి ఉంటుంది. దానికి రెండు బెల్టుల నుంచి గుండ్లు అందుతాయి: ఒకటి కవచాన్ని ఛేదించేవి, మరొకటి పేలేవి. లక్ష్యాన్ని బట్టి గన్నర్ వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. రూపకల్పన సోవియట్‌దే అయినా, ఈ ఫిరంగి తయారీ తిరుచిరాపల్లి కర్మాగారానికి చేరింది.

దీనితో ఎనిమిది చక్రాల కెస్ట్రెల్ వాహనాన్ని పోల్చి చూడండి. డి.ఆర్.డి.ఓ., టాటా మోటార్స్ కలిసి రూపొందించిన ఈ వాహనాన్ని 2014లో ఢిల్లీ డిఫెక్స్‌పోలో ప్రదర్శించారు. ఆ నమూనాపై నార్వేకు చెందిన కాంగ్స్‌బర్గ్ సంస్థ దూరనియంత్రిత టరెట్‌ను అమర్చారు. ఇలాంటి ఏర్పాటులో గన్నర్ టరెట్‌లో కాక వాహనం లోపలే సురక్షితంగా కూర్చుని తెరపై చూస్తూ కాల్పులు జరుపుతాడు.

అంటే మొదటిదానిలో రూపకల్పన విదేశీ, తయారీ మనది. రెండవదానిలో వాహనం మనది, ఆయుధం విదేశీ. ఈ తేడా ఎందుకు ముఖ్యం? 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనప్పుడు విడిభాగాల సరఫరా దెబ్బతిని మన సైన్యం ఇబ్బంది పడింది. కాబట్టి 'స్వావలంబన' అనే మాట ఎదురైనప్పుడల్లా రూపకల్పన, తయారీ, విడిభాగాలు అనే మూడింటినీ విడివిడిగా పరిశీలించండి.