మూలప్రతి ఏది? తొలినాటి కంప్యూటర్ చిత్రకళ – ఆకరాల పరిశీలన

కంప్యూటర్ చిత్రకళ చరిత్రను 1965 ప్రదర్శనలతో మొదలుపెట్టడం పరిపాటి. ఆ ఏడాది స్టుట్‌గార్ట్‌లో గేయోర్గ్ నేస్, న్యూయార్క్‌లో మైకేల్ నోల్, బేలా యూలెస్, నవంబరులో మళ్లీ స్టుట్‌గార్ట్‌లో నేస్‌తో కలిసి ఫ్రీడర్ నాకె తమ రేఖాచిత్రాలను ప్రదర్శించారు. ఈ క్రమంపై పెద్దగా వివాదం లేదు. అయితే చరిత్రకారుని ముందున్న వస్తువు ఏమిటన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సంగ్రహం అనువైనది. కంప్యూటర్ ఆర్ట్స్ సొసైటీ సేకరణ, కళాచరిత్రకారిణి పాట్రిక్ ప్రిన్స్ సేకరణ ఈ శతాబ్దపు తొలి దశకంలో అక్కడికి చేరాయి. పాల్ క్లే 1929 నాటి చిత్రం ప్రేరణగా నాకె రూపొందించిన ‘పాల్ క్లేకు నివాళి’ ప్రతి ఆ మ్యూజియంలో ఉంది. అది ప్లాటర్ గీసిన చిత్రం కాదు. దాని ఆధారంగా అచ్చువేసిన స్క్రీన్‌ప్రింట్. ప్లాటర్ చిత్రానికి వెనుక ప్రోగ్రాము ఉంది. చట్రాన్ని నాకె నిర్ణయించగా, ఆ పరిధిలోని ఎంపికలను యాదృచ్ఛిక సంఖ్యలకు వదిలారు. చిత్రం పేరులోనే ‘13/9/65 నెం. 2’ అన్న గుర్తు ఉంది. అంటే శీర్షికే కొంతవరకు పుష్పికలా పనిచేస్తోంది.

తాళపత్ర ప్రతులతో పరిచయమున్నవారికి ఈ పరంపర కొత్తగా తోచదు. కానీ పోలిక ఒకచోట తెగుతుంది. లేఖకుని వల్ల కలిగిన పాఠభేదం మూలం నుంచి తొలగిన పాఠం. పరిష్కర్త దానిని దాటి కవి పాఠాన్ని చేరాలని చూస్తాడు. ఇక్కడ భేదాన్ని కర్తే ముందుగా ఉద్దేశించాడు. ఒకే ప్రోగ్రాము నుంచి వెలువడిన రెండు చిత్రాలలో ఒకటి శుద్ధపాఠం, మరొకటి అపపాఠం అనలేము. కనుక ఏకైక మూలాన్ని వెదికే పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తేవడం సరికాదని నా అభిప్రాయం. ప్రోగ్రాము, ప్లాటర్ చిత్రం, అచ్చుప్రతి అనే మూడింటినీ విడివిడి ఆకరాలుగా నమోదు చేయాలి.

అచ్చుప్రతులనే చూస్తే మరొక నష్టమూ ఉంది. 1968లో ఏర్పడిన కంప్యూటర్ ఆర్ట్స్ సొసైటీ మరుసటి ఏడాది నుంచి ‘పేజ్’ అనే పత్రికను వెలువరించింది. తొలి సంపాదకుడు గుస్తావ్ మెట్స్‌గర్ స్వయంవినాశక కళను ప్రతిపాదించినవాడు. యంత్రాన్ని కీర్తించడం ఆయన స్వభావం కాదు. 1971లో ఇదే పత్రికలో నాకె అసలు కంప్యూటర్ కళ ఉండకూడదని వాదించారు. కళావిపణికి మరో కొత్త వేడుకను సమకూర్చడానికి యంత్రాన్ని వాడటం ఆయనకు సమ్మతం కాలేదు. గోడకు వేలాడే నివాళి చిత్రంలో ఈ వాదం జాడ కనిపించదు. సంగ్రహాలలో చిత్రాలకు దక్కే గౌరవం ఇటువంటి పలుచని పత్రికలకు అరుదుగా దక్కుతుంది. నాకె 1965లో గీయించినదాన్ని, 1971లో రాసినదాన్ని పక్కపక్కన ఉంచి చదివినప్పుడే ఆరేళ్లలో ఆయన ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది.