ఇంగ్లీషువాళ్ళా, బ్రిటిష్‌వాళ్ళా?

మనకి ఆంగ్లేయులన్నా బ్రిటిష్‌వాళ్ళన్నా ఒకటే. రాయలసీమలో ఇప్పటికీ తలచుకునే కలెక్టరు థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలో. కైఫీయత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీది లూయిస్ దీవి. ఇద్దరూ స్కాట్లండ్‌వాళ్ళే. అయినా మన లెక్కలో తెల్లదొరలంతా ఇంగ్లీషువాళ్ళు. చిత్రమేంటంటే, ఈ తికమక ఇంగ్లండ్‌వాళ్ళకీ ఉంది.

1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ పార్లమెంట్లు ఒకటయ్యాయి. స్కాట్లండ్ తన న్యాయవ్యవస్థనీ, చర్చినీ విడిగా నిలుపుకుంది. ఇంగ్లండ్‌కి అలా దేన్నీ దాచుకోవాల్సిన అవసరం రాలేదు. పార్లమెంటు ఉన్నది లండన్‌లో, జనంలో ఎక్కువమంది తనవాళ్ళు. బ్రిటన్ అన్నా తామే కదా! 1966లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన రోజు వెంబ్లీలో అభిమానులు ఊపినవి ఎక్కువగా యూనియన్ జాక్‌లే. 1996 యూరో నాటికి స్టేడియం నిండా తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ, సెయింట్ జార్జ్ జెండా. 1999లో స్కాట్లండ్‌కి పార్లమెంటు, వేల్స్‌కి అసెంబ్లీ వచ్చాయి. ఇంగ్లండ్‌కి మాత్రం ఇవాళ్టికీ విడిగా పార్లమెంటు లేదు, అధికారికంగా సొంత జాతీయగీతమూ లేదు.

మరి జనం తమనేమని అనుకుంటున్నారు? 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపి 57.7 శాతం మంది తాము 'ఇంగ్లీష్' మాత్రమే అన్నారు. 2021కి అది 14.9 శాతం. 'బ్రిటిష్' మాత్రమే అన్నవాళ్ళు 19.1 నుంచి 54.8కి పెరిగారు. పదేళ్ళలో ఇంత మార్పా? అసలు సంగతి వేరు. ఇంగ్లండ్‌లో ఇచ్చిన ఫారంలో ఈసారి 'బ్రిటిష్' అన్న గడిని అన్నిటికన్నా పైకి తెచ్చారు. చాలావరకు దానివల్లే కావచ్చని లెక్కలు తీసినవాళ్ళే చెప్పారు. స్క్రీన్ల మీద ఫారాలు కట్టే ఉద్యోగం నాది. పైనున్న ఆప్షన్‌ని జనం ఎంత తేలిగ్గా నొక్కేస్తారో రోజూ చూస్తుంటాను. కానీ దేశం పేరు కూడా అంతేనా అని ఆశ్చర్యపోయాను.

అలా గడి మారినంత తేలిగ్గా మారిపోవడం ఒక సౌకర్యం. అది అందరికీ దొరకదు. అదే ఏడు జులై 11న యూరో ఫైనల్లో ఇటలీ మీద పెనాల్టీలు తప్పిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లజాతివాళ్ళు. ఆ రాత్రే వాళ్ళ మీద జాతివిద్వేషపు తిట్లు కురిశాయి. గోల్ కొట్టినంతసేపే వాళ్ళు ఇంగ్లీషువాళ్ళన్నమాట. ఇంతకీ ఆ జెండా పేరుగల జార్జ్ ఎవరు? సంప్రదాయం ప్రకారం నేటి టర్కీలోని కపడోకియాకి చెందినవాడు. ఇంగ్లండ్‌లో అడుగే పెట్టలేదు.

ఇంగ్లీషుతనం గురించి వాదించుకోవడానికి ఇంగ్లండ్‌కి సొంత చట్టసభ లేదు. అందుకే ఆ వాదనంతా ఒక జెండా మీదా, పదకొండుమంది ఆటగాళ్ళ మీదా పడుతోంది. మాంచెస్టర్‌లోని విథింగ్టన్‌లో గోడ మీదున్న రాష్‌ఫర్డ్ బొమ్మని ఆ ఓటమి తర్వాత ఎవరో పాడుచేశారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి, ఆ రాతలు కనబడకుండా చిన్న చిన్న ఉత్తరాలు, కాగితం హృదయాలు అంటించారు. గర్వపడటానికి ఇంగ్లండ్‌కి ఆ గోడ చాలు అనిపిస్తుంది నాకు.