విశ్వవిద్యాలయాలలో కంప్యూటరు ఖాతాల భద్రత

విశ్వవిద్యాలయాలలో అధ్యాపకులకు, పరిశోధకులకు, కార్యాలయ సిబ్బందికి ఇచ్చే కంప్యూటరు ఖాతాలు అన్యుల చేతికి చిక్కకుండా పాటించే పద్ధతులను, నియమాలను కలిపి ఖాతాల భద్రత అంటారు. సాధారణంగా ప్రతి ఖాతాకు ఒక వాడుకరిపేరు, ఒక సంకేతపదం, అనగా పాస్‌వర్డ్, ఉంటాయి. ఖాతా ఉద్యోగి పేరు మీద ఉన్నప్పటికీ దాని ద్వారా చేరగలిగేవి విద్యార్థుల మార్కులు, ప్రశ్నపత్రాలు, జీతాల లెక్కలు, ఇతరుల పరిశోధన ఫలితాలు. అందువలన ఒక ఖాతా పరుల పాలయితే నష్టం ఆ ఉద్యోగి ఒక్కరితో ఆగదు.

చరిత్ర

కంప్యూటరు సంకేతపదానికి తొలి ఉదాహరణలలో ఒకటి విశ్వవిద్యాలయంలోనే కనిపిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో (1926-2019) నేతృత్వంలో తయారయిన సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను 1961లో ప్రదర్శించారు. ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకొనే ఏర్పాటు ఇది. ఎవరి దస్త్రాలు వారికే దక్కాలనే ఉద్దేశంతో ఇందులో ఒక్కొక్కరికి ఒక సంకేతపదం ఏర్పరచారు.

1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయం చాలక, సంకేతపదాల దస్త్రాన్ని అచ్చువేయమని పంచ్ కార్డు ద్వారా కోరగా యంత్రం అలాగే అచ్చువేసి ఇచ్చింది. 1966లో ఒక పొరపాటు వలన ఆ జాబితా వ్యవస్థలోనికి ప్రవేశించిన వారందరికీ కనబడింది. సంకేతపదాలను ఉన్నవి ఉన్నట్లుగా భద్రపరచరాదని ఇటువంటి సంఘటనలు తెలియజేశాయి. తరువాతి కాలంలో వాటిని తిరిగి రాబట్టడం కష్టమయ్యే గణితరూపంలోకి మార్చి దాచే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

అయితే దాచే పద్ధతి మారినా మనుషులు పదాలను ఎంచుకొనే తీరు మారలేదు. బెల్ ప్రయోగశాలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పరిశీలనలో 3,289 సంకేతపదాలకు గాను 86 శాతం మరీ చిన్నవి గానో, నిఘంటువులలోనూ పేర్ల జాబితాలలోనూ దొరికేవి గానో ఉన్నాయి. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి, పై మోరిస్ కుమారుడు అయిన రాబర్ట్ టాపన్ మోరిస్ అంతర్జాలంలోకి ఒక ప్రోగ్రామును వదిలాడు. అది ఎంచుకొన్న మార్గాలలో సులభమైన సంకేతపదాలను ఊహించడం కూడా ఒకటి. ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అత్యవసర సహాయ బృందం ఏర్పడింది.

ముఖ్య సంఘటనలు

బర్క్‌లీ, 1986: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ నిర్వహణలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చింది. దాని కారణాన్ని వెదికిన ఖగోళ శాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్ ఎవరో అపరిచితుడు లోపల తిరుగుతున్నట్లు గుర్తించాడు. విదేశానికి వెళ్ళిన ఒక ఉద్యోగి వాడకుండా వదిలిన ఖాతా కూడా ఆ చొరబాటుదారుకు ఉపయోగపడింది. సుమారు పది నెలల గాలింపు తరువాత అతడు జర్మనీకి చెందిన మార్కస్ హెస్ అని, సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కె.జి.బి.కి అమ్మిన ముఠాలోనివాడని తేలింది.

మాస్ట్రిక్ట్, 2019: నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో అక్టోబరులో మోసపూరితమైన ఈ-మెయిల్ లోని లింకు తెరవడంతో దాడి మొదలయింది. రెండు నెలలకు పైగా లోపలే మెలగిన దుండగులు డిసెంబరు 23న 267 సర్వర్లలోని సమాచారానికి తాళం వేశారు. పరీక్షలు, పరిశోధన, జీతాలు నిలిచిపోగలవనే భయంతో విశ్వవిద్యాలయం 30 బిట్‌కాయిన్లు, అంటే సుమారు 2 లక్షల యూరోలు, చెల్లించింది.

పాటించవలసిన పద్ధతులు

* సంకేతపదం పొడవుగా ఉండాలి. నాలుగైదు సంబంధం లేని మాటల కూర్పు గుర్తుంచుకోవడానికి సులభం, ఊహించడానికి కష్టం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో, కారణం లేకుండా తరచు మార్పించడం మేలు చేయదని పేర్కొన్నది. తప్పనిసరిగా మార్పించినపుడు చాలామంది చివరి అంకెను మాత్రమే మార్చుతారు. ఖాతా బయటపడినదన్న ఆధారం ఉంటే మాత్రం వెంటనే మార్చాలి.
* ఒక చోట వాడిన సంకేతపదాన్ని మరొక చోట వాడరాదు. ఒక వెబ్‌సైటు నుండి దొంగిలించిన వాటిని ఇతర ఖాతాల మీద ప్రయోగించడం పరిపాటి.
* రెండంచెల ధ్రువీకరణ ఉన్నచోట దానిని అమలు చేసుకోవాలి. అప్పుడు సంకేతపదం తెలిసినంత మాత్రాన లోనికి రాలేరు. ఫోనుకు వచ్చిన ఓటీపీని మాత్రం ఎవరికీ చెప్పకూడదు.
* సెలవులో ఉన్నపుడు మార్కుల నమోదు కోసం గుమాస్తాకో, పరిశోధక విద్యార్థికో సంకేతపదం ఇవ్వరాదు. మార్కులు మారితే ఎవరు మార్చారో తేల్చడం కష్టమై, నింద ఖాతాదారు మీద పడుతుంది. ఆ పనికి కావలసినంత మేరకు వేరే అనుమతి ఇప్పించడం సరైన మార్గం.
* బదిలీ అయిన, పదవీ విరమణ చేసిన వారి ఖాతాలలోని అనుమతులను సంస్థ వెంటనే తొలగించాలి.
* పొరపాటున అనుమానాస్పదమైన లింకు నొక్కినవారు సిగ్గుపడి దాచకుండా కంప్యూటరు కేంద్రానికి తెలపాలి. తెలిపినవారిని దండించే చోట తరువాతివారు మౌనం వహిస్తారు.

భారతదేశంలో

సమాచార సాంకేతిక చట్టం 2000కు 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చింది. ఇందులోని 66సి సెక్షను ప్రకారం ఇతరుల సంకేతపదాన్ని మోసపూరితంగా వాడినవారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. కంప్యూటరు దాడుల విషయంలో 2004లో ఏర్పడిన సెర్ట్-ఇన్ జాతీయ స్థాయి సంస్థగా పనిచేస్తుంది.

ఇవి కూడా చూడండి

* సంకేతపదం
* మోరిస్ వర్మ్
* సమాచార సాంకేతిక చట్టం, 2000